పక్కవాద్యం వారికి పేర్లు ఉండవా?

సంపాదకునికి,

గత వారం హనుమకొండలో ఒక గాత్ర కచేరీకి వెళ్లాను. ఆహ్వాన పత్రంలో గాయకుడి ఫొటో, ముఖ్య అతిథుల బిరుదులు, శాలువాలు ఇచ్చిన దాత పేరు సైతం ఉన్నాయి. వయొలిన్, మృదంగం వాయించినవారి ఊసే లేదు. ‘వాద్య సహకారంతో’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు.

వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గుర్తొచ్చారు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగిన ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు మందం. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోతే, ఆయన వాయింపు విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెబుతారు. 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. పెద్ద విద్వాంసుల పక్కన వాయిస్తూనే, వయొలిన్ ఒక్కటే కచేరీని నడపగలదని నిరూపించారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది.

మా ఊరి వయొలిన్ విద్వాంసుడు ద్వారం వారంతటివాడు కాకపోవచ్చు. కానీ ఆ సాయంత్రం కల్యాణి రాగం ఆలాపనలో గాయకుడి గొంతు పట్టేస్తే ఆదుకున్నది ఆయన వయొలిన్ కమానే. నిర్వాహకులారా, వచ్చే కచేరీకి పత్రంలో ఇంకో రెండు పంక్తులు కలపండి. సిరా ఖర్చు నేనిస్తాను.

– ఒక శ్రోత, హనుమకొండ