ఫోను వాళ్ల చేతిలోనే ఉండనీ

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

నువ్వు గుణుపురం బడిలో కంప్యూటరు టీచరుగా చేరి మూడు నెలలు కావస్తోంది. పిల్లల సంగతులు విని సంతోషించాను. కాని శనివారం మధ్యాహ్నం వాళ్ల తల్లులకు పెడుతున్న తరగతి గురించి చెబుతూ, "ఎంత చెప్పినా ఎక్కడం లేదు నాన్నా, చివరికి ఫోను నేనే తీసుకుని పని చేసి ఇచ్చేస్తున్నాను" అన్నావు చూడు, ఆ మాట నన్ను రెండు రోజులుగా వదలడం లేదు. ఎందుకంటే ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనుక కూర్చుని నేను చేసిన పని కూడా అదే.

సూరత్ మగ్గాల్లో పనిచేసే కొడుకు పంపే మనియార్డరు కోసం, పోస్ట్‌మాన్ ఇంటికి వచ్చేదాకా ఆగలేక, ఒక ముసలమ్మ ప్రతి నెలా మా ఆఫీసుకే వచ్చేది. ఫారం అడుగున ఉండే కూపను మీద కొడుకు రాయించిన రెండు వరుసలు నేను చదివి వినిపించేవాణ్ణి. ఆమె వేలిముద్ర వేసేది, పక్కనున్నవారు ఎవరో ఒకరు సాక్షి సంతకం చేసేవారు. ఒకనాడు ఆ కూపను నా ముందు పెట్టి, "బాబూ, ఇందులో నా బిడ్డ పేరు ఎక్కడుంది?" అని అడిగింది. పెన్ను మొనతో చూపించాను. ఆమె ఆ అక్షరాల మీద వేలు ఆనించి, ఎటు నుంచి ఎటు చదవాలో తెలియక, రెండు వైపులా మెల్లగా జరిపి చూసింది. వెనుక జనం పెరుగుతున్నారని నేను కూపను మడిచి ఆమె చేతిలో పెట్టేశాను. ఆ పేరులో ఉన్నవి మూడే అక్షరాలు. నెలకొకటి చెప్పినా సంక్రాంతి నాటికి కొడుకు పేరు తానే చదువుకుని ఉండేది. నేను చేసినది సాయమే, కాదనను. కాని ఆ సాయం ఆమెను పోయేదాకా నా కౌంటరు దగ్గరికే తిప్పింది.

ఆనాటి వేలిముద్రకైతే ఒక రక్ష ఉండేది. ఎంత మొత్తమో కాగితం మీద సిరాతో రాసి ఉండేది, పక్కన సాక్షి ఉండేవాడు. ఇప్పుడు ఆధార్‌తో డబ్బు తీసుకునే యంత్రం మీద వేలు పెట్టినప్పుడు మొత్తం కనిపించే తెర అవతలివాడి వైపు తిరిగి ఉంటుంది, సాక్షి అసలే లేడు. మన వీధిలో ఒకావిడకు ఈ మధ్యే జరిగింది. "వేలు పడలేదు, మళ్లీ పెట్టమ్మా" అన్నారట. మళ్లీ పెట్టింది. ఇంటికి తెచ్చుకున్నది ఒకసారి డబ్బు, పాస్‌బుక్కులో పడింది రెండుసార్లు. అందువల్ల వేలు పెట్టే ముందు తెర తమవైపు తిప్పించి అంకె చూడాలని, పడలేదంటే ఆ మాటకు చీటీ అడగాలని, నెలకోసారైనా పాస్‌బుక్కు ప్రింటు వేయించుకోవాలని మీ తల్లులకు చెప్పు. ఆధార్ సంస్థ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకుని, అవసరమైనప్పుడు తీసుకునే వీలు కూడా ఉంది. కాని దాన్ని మొదటి రోజే చెప్పి వాళ్లను బెదరగొట్టకు.

ఫోనుతో డబ్బు పంపే యూపీఐ సంగతికి వస్తే, అది 2016లో వచ్చింది, ఈనాడు సంతలో కరివేపాకు అమ్మే ఆవిడ ముందు కూడా ఆ క్యూఆర్ కోడ్ గళ్ల అట్ట ఉంటోంది. చాలా మోసాలు ఇలా జరుగుతున్నాయి: "మీకు డబ్బు పంపిస్తున్నాను, పిన్ను కొట్టండి" అని చెప్పి కొట్టిస్తున్నారు. మా పోస్టాఫీసులో డబ్బు తీసుకోవడానికి ఒక ఫారం, కట్టడానికి ఇంకొక ఫారం ఉండేవి. తీసుకునే ఫారం మీద సంతకం పెడితే ఖాతాలోంచి డబ్బు పోతుందని నిరక్షరాస్యులకు కూడా తెలుసు. పిన్ను ఆ సంతకమే. నీకు డబ్బు వచ్చేటప్పుడు నీ సంతకంతో ఎవరికీ పని లేదు.

అయితే ఈ మాటను నల్లబల్ల మీద రాసి వల్లె వేయించవద్దు. ఇద్దరు తల్లులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి చేత ఇంకొకరికి ఒక్క రూపాయి పంపించు. పంపినావిడ పిన్ను కొడుతుంది, అందుకున్నావిడ ఏమీ నొక్కకుండానే ఆమె ఫోను టింగుమంటుంది. తర్వాత అదే రూపాయిని వెనక్కి పంపించమను. ఆ రూపాయి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి, నువ్వు గంటసేపు చెప్పినా ఎక్కనిది వాళ్ల వేళ్లకే తెలిసిపోతుంది. అయినా ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని చెప్పి, ఆ నంబరును వాళ్ల చేతనే ఫోనులో దాయించు. పోయిన డబ్బు ఇంకొక ఖాతాకు మారకముందే చెబితేనే ఆపడానికి వీలుంటుంది.

వాళ్లు యాప్‌ను "బొమ్మ" అంటున్నారని నవ్వావు. బొమ్మ అనే చెప్పు తల్లీ. మన ఊరి బడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన కొండల్లోని సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే వాళ్ల భాష నేర్చుకున్నారు.

ఇక పిల్లల విషయం. వాళ్లకు చేయడం వచ్చు, ఎందుకు అలా జరుగుతుందో తెలియదు. అది వేరే జబ్బు. మన ఒడిశా వైపు నుంచి మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నంలో అడుగు పెడితే ఫోను ఆంధ్రా టవరును పట్టుకుంటుంది కదా, ఫోనుకు రాష్ట్రం మారినట్టు ఎవరు చెప్పారని అడిగి చూడు. సగం మంది ఉపగ్రహం అంటారు. ఫోను మాట్లాడేది దగ్గరలో ఉన్న టవరుతోనని, ఆ టవరుకు సరిహద్దు రాయి ఎక్కడుందో తెలియదు గనుక ఒక్కోసారి మన పెరట్లో కూడా ఆంధ్రా సిగ్నలే వస్తుందని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

నీ తరగతిలో తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసి ఉన్నారు గనుక మన దేశ భాషలకు ఒకే వరుసలో అక్షరాలు అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తప్పక చూపించు. ఇంగ్లీషు కె ఉన్న మీట నొక్కితే తెలుగులో పడేదీ ఒడియాలో పడేదీ కకారమే. హెచ్ మీద రెంటికీ పకారమే. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లోనూ ఒడియా కకారం సంఖ్య 0బి15 అయితే తెలుగు కకారానిది 0సి15. ఒక భాషకు వేళ్లు అలవాటు పడితే రెండోది సగం వచ్చేసినట్టే. రిటైరయ్యాక నేను ఈ మాట కనిపెట్టిన రోజున అమ్మకు చెబితే, "అయితే బియ్యం పట్టించుకు రండి" అంది. పిల్లలైతే ఎగిరి గంతేస్తారు.

నీకు ఇంత చెబుతున్నానా, అమ్మకు వీడియో కాల్ చేయడం నేర్పబోయి ఈ వారంలోనే మూడుసార్లు ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కున్నాను. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటున్నాను. ఆదివారం సాయంత్రం నీకు కాల్ వస్తే అది ఆవిడ ఒక్కతే చేసిందని తెలుసుకో. మన ఇంటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను మాత్రమే కనిపించినా పెట్టేయకుండా కాసేపు ఆగు. ముఖం దానంతటదే వస్తుంది.

ఇట్లు,
నాన్న