థర్మోకోల్ గిటారు

సంపాదకులకు,

ఆడపిల్లల సినిమాలపై మీ ఆదివారం వ్యాసంలో అస్సామీ చిత్రం ‘విలేజ్ రాక్‌స్టార్స్’ ఊసే లేదు. 2018లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం అది. రీమా దాస్ రాసి, తీసి, కెమెరా పట్టి, ఎడిటింగ్ కూడా తనే చేసుకున్నారు. మగపిల్లలతో కలిసి బ్యాండ్ పెట్టాలని పదేళ్ల ధును ఆశ. అసలు గిటారు కొనే స్తోమత లేక థర్మోకోల్‌తో చేసుకుంటుంది. పెద్దమనిషయ్యాక మాత్రం ఊరి ఆడవాళ్లు చెట్లెక్కొద్దంటారు, కూతుర్ని అదుపులో పెట్టుకోమని తల్లి మీద విరుచుకుపడతారు. ఆ తల్లి తలొంచదు.

అక్కడ నాకు మా ఇంటి గదిమూల, ఈతాకుల చాప, చిమ్మిలి ఉండలు గుర్తొచ్చాయి. మా జట్టు పిల్లలు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయేవారు. (ఇప్పుడైతే పెద్దమనిషి వేడుకను ఫ్లెక్సీలు కట్టి మరీ చేస్తున్నాం!) దయచేసి ఆ సినిమా గురించి అరపేజీ అయినా రాయించండి.

ఒక పాఠకురాలు, తెనాలి