కుకీలు తుడిచేయమనే ముందు వివరాలు అడగాలి

సంపాదకులకు,

కౌన్సెలింగ్‌కో ఉద్యోగానికో దరఖాస్తు చేస్తుండగా ‘సెషన్ ఎక్స్‌పైర్డ్, మళ్లీ లాగిన్ అవ్వండి’ అన్న సందేశం వచ్చి, నింపిందంతా పోగొట్టుకున్నవారు ఈ పత్రిక పాఠకుల్లో చాలామందే ఉంటారు. అలాంటివారు సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే మొట్టమొదట వినిపించే సలహా ‘బ్రౌజర్‌లో కుకీలు, హిస్టరీ తుడిచేసి మళ్లీ ప్రయత్నించండి’ అన్నదే. వెబ్ అప్లికేషన్ల నిర్వహణలో పనిచేస్తున్న నాకు ఈ సలహా మీద తీవ్రమైన అభ్యంతరం ఉంది. దానివల్ల ఆ ఒక్కరికి తాత్కాలికంగా పని జరగవచ్చు గానీ, లోపం ఎక్కడుందో చెప్పగల ముఖ్యమైన ఆధారం అక్కడే చెరిగిపోతుంది, మర్నాడు ఇంకొకరికి అదే ఇబ్బంది ఎదురవుతుంది.

బ్రౌజరూ వెబ్‌సైటు సర్వరూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే హెచ్‌టీటీపీ పద్ధతిలో ఒక అభ్యర్థనకూ తరువాతి అభ్యర్థనకూ సంబంధం ఉన్నట్టు సర్వరుకు తనంతట తానుగా తెలియదు. ఈ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థ ఇంజినీరు లూ మోంటుల్లి కుకీలను, అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచార ముక్కలను, రూపొందించారు. లాగిన్ కాగానే, ఆ లాగిన్ కొనసాగే కాలాన్ని (సెషన్‌ను) గుర్తుపట్టడానికి సర్వరు ఇచ్చే సెషన్ ఐడీ కుకీ రూపంలో మన బ్రౌజర్‌లో ఉంటుంది. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది అది. తెచ్చినవారు ఎవరన్నది ఎవరూ అడగరు, టోకెన్ ఉంటే చాలు.

ఆ టోకెన్ చెల్లకపోవడానికి కారణాలు ఎన్నో. వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వరులో ఎవరూ మార్చకపోతే సెషన్ గడువు 30 నిమిషాలు, సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో 1,440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. సర్టిఫికెట్లు వెతుక్కుంటూ, వాటిని స్కాన్ చేయించుకుంటూ పెద్ద దరఖాస్తు నింపే విద్యార్థికి ఆ సమయం చాలకపోవచ్చు. వచ్చే అభ్యర్థనలను పంచిపెట్టే లోడ్ బ్యాలెన్సర్ వెనుక అనేక సర్వర్లు ఉండి, సెషన్ వివరాలు వాటిలో ఒక్కదాని మెమరీలోనే ఉంటే, తరువాతి అభ్యర్థన మరో సర్వరుకు చేరిన మరుక్షణం ఆ మనిషి కొత్తవాడైపోతాడు. సెషన్‌ను ఐపీ చిరునామాతో ముడిపెట్టిన చోట, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా లాగిన్ పోతుంది. వినియోగదారుకు మాత్రం అన్ని సందర్భాల్లోనూ కనిపించేది ఒకే సందేశం.

కాబట్టి ఏదైనా తుడిచేయమని చెప్పే ముందు సహాయ కేంద్రం కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఏ పేజీలో, ఏ మీట నొక్కాక జరిగింది? అంతకుముందు ఎంతసేపు ఏమీ నొక్కకుండా వదిలేశారు? అదే సైటు ఇంకో ట్యాబ్‌లో గానీ, ఇంకో ఫోన్‌లో గానీ తెరిచి ఉందా? మధ్యలో నెట్‌వర్క్ మారిందా? ఏ బ్రౌజర్, ఏ వెర్షన్? పాత కుకీలను అనుమానించాల్సివస్తే, వాటిని ముట్టుకోకుండా, అవి వర్తించని ప్రైవేట్ (ఇన్‌కాగ్నిటో) విండోలో ప్రయత్నించి చూడమంటే సరిపోతుంది. వీటన్నిటిలోనూ సమయం అతి ముఖ్యం. ఏ క్షణాన ఏం జరిగిందో సర్వర్లు రాసుకునే లాగ్‌లు చాలావరకు యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంలో ఉంటాయి గనుక, మన గడియారంతో ఉన్న అయిదున్నర గంటల తేడాను లెక్కలోకి తీసుకోకపోతే దొరకాల్సిన నమోదు దొరకదు. సర్వర్ల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్‌పీఎల్) కాలమాన సర్వర్లతో సరిచూసుకోవాలనీ, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28నే ఆదేశించింది. అయితే ఆ లాగ్‌లలో సెషన్ ఎందుకు ముగిసిందో, అంటే గడువు తీరిందా, మరో చోట లాగిన్ అయ్యారా, సర్వరును రీస్టార్ట్ చేశారా అన్నది రాసిపెట్టకపోతే ఎన్ని రోజులు దాచినా ఉపయోగం తక్కువే. రద్దీ రోజున కంగారులో రీస్టార్ట్ చేసేవారు, ముందుగా అప్పుడున్న సెషన్ల సంఖ్యను, సర్వరు ఆ క్షణాన ఏయే పనుల్లో ఉందో చూపే థ్రెడ్ డంప్‌ను భద్రపరుచుకోవాలి.

వివరాలు కావాలన్న తొందరలో అడగకూడనివీ కొన్ని ఉన్నాయి. లోపాల పరిశీలన కోసం బ్రౌజర్ నుంచి తీసే హార్ (HAR) ఫైలులో, బ్రౌజర్ సైటుకు పంపిన, అక్కడి నుంచి వచ్చిన సమాచారమంతా నమోదై ఉంటుంది. జాగ్రత్తపడకపోతే సెషన్ కుకీ కూడా అందులోనే ఉంటుంది. 2023లో, ఇతర సంస్థలకు లాగిన్ సేవలు అందించే ఓక్టా సంస్థ కస్టమర్ సపోర్ట్ వ్యవస్థలోకి చొరబడినవారు 134 సంస్థలకు చెందిన ఫైళ్లను చూడగలిగారు, వాటిలో కొన్ని హార్ ఫైళ్లలో దొరికిన టోకెన్లతో అయిదు సంస్థల సెషన్లను చేజిక్కించుకున్నారు. అందుచేత కుకీలు తొలగించని హార్ ఫైలును వాట్సాప్‌లో పంపమని ఏ కార్యాలయమూ అడగరాదు. ఓటీపీ, పాస్‌వర్డ్ సంగతి చెప్పనక్కరలేదు. సర్వరు లాగ్‌లో సైతం సెషన్ ఐడీని యథాతథంగా కాక, అసలు ఐడీని తిరిగి రాబట్టలేని హ్యాష్ అనే సంకేత రూపంలోనే రాయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ దరఖాస్తులు స్వీకరించే శాఖలకు, విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఇది. లోపం చూపే ప్రతి పేజీలో ఒక చిన్న రిఫరెన్స్ నంబరు, సమయం కనిపించేలా చేయండి. ఆ నంబరుతో లాగ్‌లో వెతికే వీలు నిర్వహణ సిబ్బందికి కల్పించండి. పై ప్రశ్నలను తెలుగులో అచ్చువేసి సహాయ కేంద్రంలో ప్రతి బల్ల మీదా ఉంచండి. వచ్చే ప్రవేశాల సీజనుకు ముందే ఇవి చేయవచ్చు, కొత్త సర్వర్లు కొనాల్సిన అవసరం కూడా లేదు.

– ఒక వెబ్ అప్లికేషన్ల నిర్వహణ ఇంజినీరు, విజయవాడ