కంప్రెసర్ కొనేముందు ఇది చదువు

మామా,

చిత్తూరులో షెడ్డు కుదిరిందని విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ పెయింటింగుకీ టైర్లకీ కలిపి 3 హెచ్‌పీ కంప్రెసర్ చూశానన్నావే, ఆ విషయం ఫోన్లో తెగేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ట్యాంకు మీద పెద్ద అక్షరాలతో అంటించిన స్టిక్కర్‌ని నమ్మొద్దు. మోటారుకి కొట్టిన చిన్న ప్లేటు చదువు. అందులో ఆంప్స్ ఎంతో చూడు.

ఇక్కడ రేణిగుంట రోడ్డులో మా పక్క షాపాయన అలాంటిదే తెచ్చాడు. 50 లీటర్ల ట్యాంకు, స్టిక్కర్ మీద 3 హెచ్‌పీ. కారు డోరుకి పెయింట్ కొడుతుంటే సగంలోనే గాలి తగ్గిపోయి ఫినిషింగ్ గరుకుగా వచ్చేది. పాపం గన్ను మార్చాడు, పైపు మార్చాడు. చివరికి నేను వెళ్లి టాంగ్ టెస్టర్, అదే వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు, పెట్టాను (ఫేజు వైరు ఒక్కటే పట్టాలి సుమా, రెండూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది). ట్యాంకు నిండేకొద్దీ రీడింగ్ పెరుగుతూ పోయి 8 బార్ ప్రెషర్ దగ్గర 7 ఆంప్స్ దాటలేదు. అప్పుడే నాకు ఒళ్లు మండింది.

లెక్క చూడు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 3 హెచ్‌పీ షాఫ్టు మీద రావాలంటే 2,238 వాట్లు. మోటారు వేడికి పోయేది పోగా నూటికి 80 పని చేసిందనుకున్నా, లైను నుంచి 2,800 వాట్లు లాగాలి. 230 వోల్టుల సింగిల్ ఫేజులో అది తక్కువలో తక్కువ 12 ఆంప్స్. లాగిన కరెంటంతా పనికి రాదు, దాన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. అదీ కలిపితే ఇంకా ఎక్కువే. 7 ఆంప్స్ లాగేది రెండు హెచ్‌పీకి కూడా రాదు. 6 ఆంప్స్ ప్లగ్గుతో వచ్చే మెషిన్ మీద 3 హెచ్‌పీ అని ఉంటే ఇంక చూడక్కర్లేదు.

మరి ఆ 3 ఎక్కడిదంటావా? పీక్ అంటారు. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. లోడు ఎక్కువై ఆగిపోయే ముందు కూడా ఒక్క క్షణం బలంగా తిరుగుతుంది. అలాంటి క్షణాల లెక్కతో వేసిన అంకె అది. రోజంతా ఆ బలంతో నడిపితే వైండింగ్ కాలిపోతుంది. పైసా పైసా కూడబెట్టి షాపు పెట్టుకునేవాడికి ఇలాంటి అంకె చూపించడం నా దృష్టిలో మోసమే.

గాలి విషయంలోనూ ఇదే తంతు. సి.ఎఫ్.ఎం. (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) అని పెద్దగా రాసేది చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే పిస్టన్ కదలికని బట్టి వేసిన లెక్క. నీకు కావాల్సింది ఎఫ్.ఎ.డి., అంటే నిజంగా బయటికొచ్చే గాలి. అది ఎప్పుడూ తక్కువే. షాపులోనే తేల్చుకోవచ్చు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, సున్నా నుంచి 8 బార్‌కి ఎంతసేపు పడుతుందో ఫోన్లో టైము చూడు. 50 లీటర్లు ఇంటూ 8, 400 లీటర్ల గాలి. మూడు నిమిషాలు పడితే నిమిషానికి 133 లీటర్లు, అంటే 4.7 సి.ఎఫ్.ఎం. టైర్లలో గాలి కొట్టడానికి అది చాలు. ఫుల్ బాడీ పెయింటింగుకి చాలదు. నువ్వు కొనే గన్ను ఎంత అడుగుతుందో ముందు తెలుసుకో.

మోటారు ప్లేటు ఫోటో వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం నేనే టాంగ్ టెస్టర్ తీసుకుని చిత్తూరు వస్తా. అందాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వొద్దు.

నీ మామ