"అందరికీ 64 వచ్చింది మేడమ్"

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజు తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. పోయిన వారం సైన్స్ ల్యాబ్‌లో చూసిన ఒక సంగతి ఇంకా నా మనసులోనే తిరుగుతోంది, ఈసారి దాని గురించే రాస్తున్నాను.

ఏడో తరగతి పిల్లలు కొలజాడీలో నీళ్లు పోసి, దారం కట్టిన రాయిని ముంచి, నీటిమట్టం ఎంతకు పెరిగిందో రాసుకుంటున్నారు. జాడీలో నీళ్లు అంచుల దగ్గర కాస్త పైకి పాకి మధ్యలో పల్లంగా ఉంటాయి కాబట్టి, వంగి కళ్లు ఆ మట్టానికి తెచ్చి పల్లం అడుగున చూడాలి. ఒక బల్ల దగ్గర ఆరుగురున్నారు. ఐదుగురు నిలబడే చూసి 64 అనేశారు. ఒక అమ్మాయి మాత్రం గడ్డం బల్లకు ఆనించి చూసి 62 అని రాసుకుంది. నేను వెళ్లేసరికి ఆమె రికార్డులో 64 ఉంది. రబ్బరుతో రుద్దిన చోట కాగితం పలచబడి, పెన్సిల్ నొక్కిన 62 ఇంకా కనిపిస్తూనే ఉంది. ఎందుకు చెరిపావమ్మా అంటే, "అందరికీ 64 వచ్చింది మేడమ్" అంది. ఆ బల్ల దగ్గర సరిగ్గా చూసింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ పిల్లను తప్పు పట్టలేం. 1950లలో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ కుర్రాళ్లకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నారు. చంటిపిల్లాడు కూడా చెప్పగలిగేదే. కానీ గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్లు, 18 సార్లలో 12 సార్లు కావాలనే ఒకే తప్పు చెప్పారు. ఇలా ఒక్కొక్కరుగా చాలామందిని కూర్చోబెట్టి చూస్తే, ఆ 12 సార్లలో అసలు విషయం తెలియనివాళ్ల జవాబుల్లో మూడింట ఒక వంతుకు పైగా గుంపు వైపు వెళ్లిపోయాయి. వాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. తర్వాత విడిగా అడిగితే, తప్పని తెలిసినా వేరుగా కనపడటం ఇష్టంలేక అన్నామని కొందరు, నా కళ్లే సరిగా లేవేమో అనుకున్నామని కొందరు చెప్పారు. ఈ రెండో మాటే నాకు ఎక్కువ భయం. మొదటి వాళ్లకు కనీసం నిజం తెలుసు.

అదే ప్రయోగంలో మంచి కబురు కూడా ఉంది. గదిలో ఇంకొక్కరు నిజం చెప్తే చాలు, లొంగడం అంతకుముందు ఉన్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది. సముద్రం పక్కనున్న మన విశాఖలో దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో ఫ్రెండ్స్ అంతా లోపలికి దిగుతుంటే "నేను రాను" అనడం ఒక్కడికి చాలా కష్టం, కానీ "నేనూ రాను" అనే రెండోవాడు ఉంటే ఇద్దరూ ఒడ్డున ఉంటారు. మీ పిల్లలకు ఆ రెండోవాడిగా ఉండటం నేర్పండి, మొదటివాడు కావడం కన్నా అది సులువు.

జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు కూడా లొంగడం బాగా తగ్గింది. ఇది మేమూ చూశాం. తొమ్మిదో తరగతి పిక్నిక్‌కి చేతులెత్తమంటే క్లాస్ లీడర్ చెయ్యి లేచింది, వెనకే దాదాపు అన్ని చేతులూ అరకుకే లేచాయి. మర్నాడు పేరు రాయకుండా చీటీలు వేయమంటే సగానికి పైగా తొట్లకొండ అని వచ్చింది. అరకు ఘాట్‌రోడ్డులో వాంతులవుతాయని కొందరు కారణం కూడా రాశారు. అది పదిమందిలో ఎవరు చెప్పుకుంటారు?

స్టాఫ్ మీటింగుల్లోనూ తప్పు నాదే. ముందు నా అభిప్రాయం చెప్పేసి తర్వాత "మీరేమంటారు" అని అడిగేదాన్ని, అందరూ సరేనండీ అనేవారు, అది ఒప్పుకోలు అనుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరిన టీచర్‌తో మొదలుపెట్టి నేను చివర్లో మాట్లాడుతున్నాను. మీటింగులు ఎక్కువసేపు పడుతున్నాయి, పట్టనివ్వండి.

ఇక మన సంగతి. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ ఎందుకండీ అని అడిగితే నాకు ఎక్కువగా వచ్చే జవాబు "అందరూ చేర్పిస్తున్నారు మేడమ్". నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా. వాట్సాప్ గ్రూపులో ముగ్గురు "మేం కట్టేశాం" అని పెడితే మిగతావాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, ఇష్టంలేనివాళ్లు నోరు మెదపరు, ఆ మౌనాన్ని కూడా మనం ఒప్పుకున్నవాళ్ల లెక్కలోనే వేసేస్తాం. ఆ ముగ్గురిలో ఒకరైనా పిల్లాణ్ని అడిగారో లేదో మనకు తెలియదు. కోచింగ్ మంచిదా చెడ్డదా అని కాదు నా మాట, మీ పిల్లాడి పుస్తకాలు, నిద్ర, ఇష్టం చూసి మీరు విడిగా ఒక మాటకు వచ్చాకే ఆ గ్రూపు తెరవండి అంటున్నాను.

తొమ్మిది, పది తరగతులకు ఆదివారం స్టడీ అవర్స్ పెట్టాలా వద్దా అన్నది ఈ శనివారం పేరెంట్స్ మీటింగులో తేలాలి. తలుపు దగ్గరే చీటీ ఇస్తాం. అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి విడివిడిగా. చర్చ మొదలవకముందే రాసి డబ్బాలో వేయండి, పేరు అక్కర్లేదు. ముందురోజు రాత్రి పిల్లల్ని కూడా అడగండి, మీ అభిప్రాయం మీరు చెప్పకముందే. పెన్ను తెచ్చుకోండి, పోయినసారి సరిపోలేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు