ఉప్పునీటి చేపల పెంపకందారుల సంఘం: పరాన్నజీవి వ్యాధుల నివారణపై వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. కొత్తగా తెచ్చిన ప్రతి చేపనూ ప్రధాన ట్యాంకులో వదలడానికి ముందు కొన్ని వారాలు క్వారంటైన్ ట్యాంకులో ఉంచే పద్ధతిని సభ్యులందరికీ అలవాటు చేయడానికే సంఘం ఈ ఏడాది ఎక్కువగా శ్రమించింది.

సభ్యుల నుంచి ఎక్కువగా వచ్చిన ప్రశ్నలు తెల్లమచ్చల వ్యాధి గురించినవే. దీనికి కారణమైన క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణజీవి చేప చర్మంలోనూ మొప్పల్లోనూ 3 నుంచి 7 రోజులు పెరిగి, తర్వాత చేపను విడిచి, ఇసుక మీదో రాళ్ల మీదో గట్టి పెంకు కట్టుకుని, ఆ పెంకులోనే వందల పిల్లజీవులుగా విడిపోతుంది. మచ్చలు మాయమయ్యాయి కనుక జబ్బు నయమైందని సంతోషించే సమయంలోనే తర్వాతి దాడి సిద్ధమవుతూ ఉంటుంది. పెంకు పగిలి బయటపడి ఈదే పిల్లజీవికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే అది చనిపోతుంది. మందులు పనిచేసేది ప్రధానంగా ఈ దశ మీదనే. పెంకు దశ 72 రోజుల వరకు సాగిన ఉదాహరణ నమోదై ఉంది. అందుకే వ్యాధి సోకిన ప్రధాన ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచాలన్న సూచనను సంఘం సమర్థిస్తోంది. పగడాలు, నత్తలు, రొయ్యలు అందులోనే ఉండవచ్చు.

తెల్లమచ్చల వ్యాధికి వాడే రాగి మందును ప్రధాన ట్యాంకులో ఎన్నడూ వేయరాదని మళ్లీ గట్టిగా చెబుతున్నాము. అది వెన్నెముక లేని జీవులను చంపుతుంది. పైగా సున్నపు రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకోవడం వల్ల మోతాదు నిలవదు. రాగి మోతాదు తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప చనిపోతుంది. కాబట్టి రోజూ కొలవడం తప్పనిసరి. ఇందుకోసమే సంఘం పరీక్షా కిట్లను, చిన్న క్వారంటైన్ ట్యాంకులను సభ్యులకు అరువుగా ఇస్తోంది.

సూక్ష్మదర్శిని తరగతులు ఈ ఏడాది మాకు అత్యంత తృప్తినిచ్చిన కార్యక్రమం, ఎందుకంటే జబ్బేమిటో తేల్చుకోకుండా మందు వేయడమే చాలా చేపల మరణానికి కారణం. లవణీయతను వెయ్యికి 14 నుంచి 16 పాళ్లకు తగ్గిస్తే తెల్లమచ్చలు అదుపులోకి రావచ్చు గాని, బంగారు పొడి చల్లినట్లు కనిపించే వెల్వెట్ వ్యాధి దానికి లొంగదు. అది మొప్పలను ముందుగా పట్టి, కొద్ది రోజుల్లోనే ట్యాంకు మొత్తాన్ని ఖాళీ చేయగలదు. క్లౌన్ చేపలకు తరచుగా వచ్చే బ్రూక్లినెల్లా అనే ఏకకణ పరాన్నజీవి మీద రాగి పనిచేయదు. దానికి ఫార్మాలిన్ వాడతారు. చర్మానికి అంటుకునే చదును పురుగులకు ప్రాజిక్వాంటెల్ మంచి మందే అయినా, గుడ్లు దానికి చావవు కాబట్టి అవి పొదిగాక మరో విడత వేయాలి.

వచ్చే ఏడాది ఈ తరగతులను కొనసాగించాలని కార్యవర్గం నిర్ణయించింది. అరువు తీసుకున్న ట్యాంకులను, వలలను, గొట్టాలను మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టిన తర్వాతే తిరిగి అప్పగించవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.