మైదానాలకు ఇచ్చినట్టే కోచ్‌లకూ ఇవ్వండి: ఐర్లండ్ క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను కిల్డేర్ కౌంటీలో ఉంటున్న తెలుగువాణ్ణి. లీక్‌స్లిప్ ఇంటెల్ ఫ్యాక్టరీ పుణ్యమా అని ఈ చుట్టుపక్కల మావాళ్ళ కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. మా పిల్లలు బడిలో చేరగానే ఐర్లండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ బంతి పట్టుకుంటున్నారు. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీ ఆఫీసుకు పంపుతున్నాను. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు కూడా ఆలోచించాల్సిన విషయం కాబట్టి తెలుగులోనూ రాస్తున్నాను.

అడగదలచింది ముందే చెప్తాను. మీ శాఖ కమ్యూనిటీ స్పోర్ట్ ఫెసిలిటీస్ ఫండ్ (ఇదివరకటి స్పోర్ట్స్ క్యాపిటల్ పథకం) కింద క్లబ్బులకు మైదానాలు, డ్రెస్సింగ్ రూములు, ఫ్లడ్‌లైట్లు, సామగ్రి కోసం గ్రాంట్లు ఇస్తోంది. చాలా మంచి పని. అలాగే కోచ్‌ల కోసం కూడా కొంత సొమ్ము విడిగా కేటాయించండి. అందులో మొదటి వాటా వెనకబడిన కౌంటీలకు దక్కాలి.

ఈ మాట అనడానికి నాకు ధైర్యం ఇచ్చింది గేలిక్ ఫుట్‌బాల్‌లో ఆటగాడిగా, మేనేజర్‌గా పేరుమోసిన మిక్ ఓడ్వయర్ గారి జీవితం. 2025 ఏప్రిల్ 3న, 88 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూసినప్పుడు దేశమంతా ఆయన్ని తలుచుకుంది. ఎక్కువ మంది చెప్పుకున్నది ఆయన సొంత కౌంటీ కెర్రీ గురించే. అది సహజం. వాటర్‌విల్ అనే చిన్న సముద్రతీరపు ఊళ్ళో పుట్టిన మనిషి, కెర్రీ ఆటగాడిగా నాలుగు ఆల్ ఐర్లండ్ టైటిళ్ళు (కౌంటీ జట్ల మధ్య జరిగే దేశ చాంపియన్‌షిప్) గెలిచాడు. మధ్యలో కాళ్ళు విరిగి ఆట మానేసి, మళ్ళీ వచ్చి 1969లో, 1970లో గెలిచాడు. తర్వాత మేనేజర్‌గా 1975 నుంచి 1986 మధ్య ఎనిమిది టైటిళ్ళు. 1982లో వరసగా అయిదోది కూడా చేతికందినట్టే అంది, చివరి నిమిషాల్లో ఆఫలీ కౌంటీ ఆటగాడు షేమస్ డార్బీ కొట్టిన గోల్‌తో ఒక్క పాయింటు తేడాలో జారిపోయింది. ఆ ఓటమి తర్వాత కూడా అదే జట్టుతో 1984, 85, 86ల్లో మూడు వరసగా గెలిపించాడాయన.

కానీ నాకు గొప్పగా కనిపించేది ఆ తర్వాతి భాగం. కెర్రీలో ఫుట్‌బాల్ ప్రతిభకు ఎప్పుడూ కరువు లేదు. కిల్డేర్ అలా కాదు. జనం ఉన్నారు, క్లబ్బులున్నాయి, అభిమానం పొంగిపొర్లుతోంది. అయినా 1956 తర్వాత లెన్‌స్టర్ (ఈ తూర్పు ప్రాంతపు కౌంటీల) టైటిల్ లేదు. ఆయన 1990లో మేనేజర్‌గా ఇక్కడికి వచ్చాడు, మధ్యలో వెళ్ళి మళ్ళీ వచ్చాడు. వాటర్‌విల్ నుంచి న్యూబ్రిడ్జ్ మూడొందల కిలోమీటర్ల పైమాటే, అదీ అప్పటి రోడ్ల మీద. ఆటగాళ్ళను పరిగెత్తించాడు, మళ్ళీ పరిగెత్తించాడు. అంతకుమించి, మీరు గెలవగలరు అని వాళ్ళని నమ్మించాడు.

1998 వేసవిలో కిల్డేర్ డబ్లిన్‌ని ఓడించింది, మీత్‌ని ఓడించి లెన్‌స్టర్ గెలిచింది. సెమీఫైనల్లో ఎదురుగా నిలబడింది ఎవరు? కెర్రీ! కిందటేడాది చాంపియన్, ఆయన సొంత కౌంటీ. ఆ జట్టు మేనేజర్ పాడీ ఓ షే, ఓడ్వయర్ చేతికింద ఎనిమిది పతకాలు సాధించిన శిష్యుడు. ఓడ్వయర్ కొడుకు కార్ల్ కిల్డేర్ తెల్ల చొక్కాలో కెర్రీ మీద ఆడుతున్నాడు. కిల్డేర్ 13 పాయింట్లు, కెర్రీ ఒక గోల్, 9 పాయింట్లు. గోల్‌కి మూడు లెక్క, అంటే పన్నెండు. ఒక్క పాయింటుతో కిల్డేర్ ఫైనల్‌కి చేరింది. ఫైనల్లో గాల్వే చేతిలో ఓడింది, నిజమే. కానీ ఇక్కడి పెద్దవాళ్ళను ఆ వేసవి గురించి అడిగి చూడండి, వాళ్ళ మొహాలే చెప్తాయి.

అక్కడితో ఆగలేదు. 2003లో లీష్ కౌంటీకి 1946 తర్వాత తొలి లెన్‌స్టర్ టైటిల్ తెచ్చాడు, ఫైనల్లో ఓడింది మా కిల్డేరే. డెబ్భై దాటాక విక్లో కౌంటీకి వెళ్ళాడు. ఒక్కసారి కూడా లెన్‌స్టర్ గెలవని కౌంటీ అది. 2008లో డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో విక్లోకి చాంపియన్‌షిప్ తొలి విజయం దక్కింది. మరుసటి ఏడాది విక్లో సొంత ఆక్రిమ్ మైదానంలో ఫెర్మానా, కావన్, డౌన్ ఒకరి తర్వాత ఒకరు ఓడిపోయి వెళ్ళారు.

మంత్రి గారూ, ఈ కౌంటీల్లో ఆయన రాకముందూ గడ్డి ఉంది, గోల్‌పోస్టులున్నాయి. లేనిది నేర్పే మనిషి.

ఇది అమెచ్యూర్ ఆట అని నాకు తెలుసు. మేనేజర్లకు జీతాలివ్వమని నేను అడగడం లేదు, ఆ నిర్ణయం ఈ ఆటను నడిపే సంస్థ జీఏఏది. అయినా కొందరికి చాటుగా డబ్బు ముడుతోందన్న మాట ఏళ్ళ తరబడి ఉన్నదే. 2012లో జీఏఏ అప్పటి డైరెక్టర్ జనరల్ పారిక్ డఫీ స్వయంగా దీని మీద చర్చాపత్రం విడుదల చేశారు. డబ్బున్న జట్టు మేనేజర్‌ని ఎలాగోలా తెచ్చుకుంటుంది. డబ్బు లేని జట్టు, అందులోనూ పిల్లల జట్టు, ఏం చేయాలి?

మా ఊరి మైదానంలో శనివారం పొద్దున చూస్తుంటాను. ఒకాయన కారు డిక్కీలోంచి బంతుల సంచి దించి, వానలో తడుస్తూ కోన్లు పేర్చుతాడు. బంతిని చేతిలోంచి కాలి మీదకి వదిలి, బొటనవేలితో మళ్ళీ చేతిలోకి లేపడం ఒక్కో పిల్లకీ ఒక్కో పిల్లాడికీ వంగి చూపిస్తాడు. రానివాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఉంటాడు. పెట్రోలు ఆయనదే, సమయం ఆయనదే. ఆయనకి పని షిఫ్టు మారితే ఆ వారం ఆట లేదు.

పక్కన గొడుగులు పట్టుకుని నిలబడే మాలో చాలామందికి సాయం చేయాలని ఉంది. గార్డా వెటింగ్ (పోలీసుల నేపథ్య తనిఖీ), పిల్లల రక్షణ శిక్షణ, కోచింగ్ కోర్సు అన్నీ పూర్తి చేయాలి, అవి ఉండాల్సిందే. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియదు. ఈ ఆట ఆడి పెరగలేదన్న జంకు ఒకటి. నర్సులుగా రాత్రి డ్యూటీలు చేసే తల్లులకు వారం మధ్యలో సాయంత్రం క్లాసు కుదరదు.

అందుకే వచ్చే విడత గ్రాంట్ల నిబంధనలు రాసేటప్పుడు మూడు ఖర్చులకు చోటివ్వండి: కోచ్‌ల ప్రయాణం, శిక్షణ, కొత్తవాళ్ళకి తోడుగా నిలబడే ఒక అనుభవజ్ఞుడు. విక్లో, లీష్ లాంటి చోట్ల మొదలుపెట్టండి. కిల్డేర్‌లో మీరు కోర్సు పెట్టిస్తే, వెటింగ్ ఫారాలు నింపించి మా తెలుగు తల్లిదండ్రులను తీసుకొచ్చే బాధ్యత నాది. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
కిల్డేర్‌లోని ఒక తెలుగు తండ్రి